రైఫిల్ పగిలే ముందు ఇత్తడి చిరుగుతుంది

ఎన్‌సీసీ క్యాంపులో .303 రైఫిల్‌తో నాలుగు రౌండ్లు కాల్చి వచ్చినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. కాల్పులు అయిపోగానే హవల్దారు ఖాళీ ఇత్తడి కేసులు అడుగుతాడు. వాటిని వాళ్లు ఖోకాలంటారు. ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖోకాలూ తిరిగి రావాలి, ఒక్కటి తగ్గినా గడ్డిలో వంగి వెతకాల్సిందే. తూటాలు దారి మళ్లకుండా పెట్టుకున్న లెక్క అది. కాల్చిన తూటా లోపల ఎంత ఒత్తిడి పుట్టిందో, రైఫిల్ దాన్ని ఎలా భరించిందో చెప్పే సాక్ష్యం కూడా ఆ ఖాళీ కేసు మీదే ఉంటుంది. దాన్ని తిప్పి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

గోదావరి డెల్టాలోని కె.గంగవరం మండలంలాంటి వరిచేలు, కొబ్బరితోటల ఊళ్లలో రైఫిల్ గురించి ఇంత వివరం ఎవరికి కావాలని అడగవచ్చు. కావలసినవాళ్లు ఉన్నారు. రామచంద్రపురం, కాకినాడ కాలేజీలకు వెళ్లి ఎన్‌సీసీలో చేరే పిల్లలున్నారు. పోలీసు, సైన్యం ఉద్యోగాల కోసం తెల్లవారకముందే కాలవగట్ల మీద పరుగులు తీసే కుర్రాళ్లున్నారు. తాతలనాటి లైసెన్సు తుపాకీని ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించి, ఫలితాలు వచ్చాక మళ్లీ తెచ్చుకునే ఇళ్లున్నాయి. టెక్సస్‌లో ఉద్యోగం చేస్తూ శనివారం షూటింగ్ రేంజికి వెళ్లి ఫోటోలు పంపే కొడుకులు, అల్లుళ్లున్నారు. తుపాకీ పట్టిన వాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది: ఉక్కు మందంగా ఉంటే తుపాకీ భద్రం. ఆ నమ్మకంలో సగమే నిజం. మిగతా సగం ఇత్తడిది.

మీట నొక్కగానే జరిగేది ఇది. సూది తూటా అడుగున ఉండే చిన్న నిప్పు మూతను, అంటే ప్రైమర్‌ని కొడుతుంది, నిప్పు మందుకు అంటుకుంటుంది, మందు గ్యాస్‌గా మారుతుంది. .303 తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 49,000 పౌండ్లు. మన ఇళ్లలో కుక్కర్ విజిల్ వేసేది దాదాపు 15 పౌండ్ల దగ్గర. అంటే మూడు వేల రెట్లకు పైగా. ఈ ఒత్తిడి సెకనులో వెయ్యో వంతు కాలమే ఉంటుంది, కానీ ఆ కాసేపట్లో తూటా అడుగుభాగం, చాంబర్ అనే తూటా గూటిని వెనకనుంచి మూసే బోల్ట్‌ని సుమారు మూడు టన్నుల బలంతో వెనక్కి నెడుతుంది. బోల్ట్ వెనకాల ఉన్నది కాల్చేవాడి చెంప, కన్ను.

ఇంత ఒత్తిడిలోనూ గ్యాస్ వెనక్కి రాకుండా ఆపేది ఉక్కు కాదు. ఉక్కుకీ ఉక్కుకీ మధ్య ఎంత నునుపుగా చెక్కినా సందు మిగులుతుంది. ఆ సందును మూసేది ఇత్తడి కేసు. నూటికి డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు కలిపిన ఇత్తడి అది. కేసు గోడ మూతి దగ్గర పలచన, అడుగున మందం. ఒత్తిడి పెరుగుతుంటే పలచని గోడ ఉబ్బి చాంబర్ గోడకు గట్టిగా అతుక్కుంటుంది. గుండు గొట్టం దాటాక ఒత్తిడి పడిపోతుంది, ఇత్తడి కొంచెం వెనక్కి ముడుచుకుంటుంది, కేసు తేలిగ్గా బయటికి వస్తుంది. కుక్కర్‌లో గాస్కెట్ చేసే పనే రైఫిల్‌లో కేసు చేస్తుంది. గిన్నె ఎంత మందమైనదైనా గాస్కెట్ చీలితే ఆవిరి మొహం మీదికే కదా వచ్చేది.

కేసు మొత్తం చాంబర్‌లోనే దాగి ఉండదు. బోల్ట్ పట్టుకుని లాగడానికి అడుగుభాగం కొంత బయటికి ఉండాలి. ఆ చిన్న ముక్కకు చుట్టూ ఉక్కు గోడ లేదు, తన మందమే తనకు రక్ష. ఒత్తిడి హద్దు దాటిందంటే ముందు లొంగేది అక్కడే. ప్రైమర్ కూర్చున్న గుంట వెడల్పవుతుంది, ప్రైమర్ చుట్టూ గ్యాస్ కారుతుంది, ఇంకా పెరిగితే అడుగే చిరుగుతుంది. అప్పటికి ఉక్కు తట్టుకుంటూనే ఉండవచ్చు. కానీ ఇత్తడి చిరిగిన క్షణం నుంచి లెక్క మారిపోతుంది. అంతవరకు చాంబర్‌లో బందీగా ఉన్న గ్యాస్, బోల్ట్‌ను పట్టి ఉంచే చట్రమైన రిసీవర్‌లోకి, మేగజైన్‌లోకి, బోల్ట్ లోపలికి దూరుతుంది. అవి ఆ ఒత్తిడి కోసం చేసిన భాగాలు కావు.

కేసు ఇంకో రకంగానూ విరుగుతుంది. బోల్ట్‌కీ తూటా అడుగుకీ మధ్య సందు ఎక్కువైతే, ముందు గోడ చాంబర్‌కు అతుక్కుని ఉండగానే అడుగు వెనక్కి జరుగుతుంది. మధ్యలో ఇత్తడి సాగి, అంచుకు కాస్త పైన ఉంగరంలా పలచబడుతుంది. అదే కేసులో మళ్లీ మళ్లీ మందు నింపి కాలిస్తే ఒకరోజు అక్కడ తెగి, ముందు సగం చాంబర్‌లోనే ఉండిపోతుంది. .303 రైఫిల్‌లో ఇది పాత కథ. యుద్ధంలో బురద పట్టినా తూటా ఎక్కాలని చాంబర్‌ను కాస్త వదులుగా చేశారు. పైగా లీ-ఎన్‌ఫీల్డ్ బోల్ట్‌ను బిగించే ఉక్కు పళ్లు, అంటే లగ్గులు, వెనకవైపు ఉంటాయి కాబట్టి పేలినప్పుడు బోల్ట్ కొంచెం నొక్కుకుంటుంది, రిసీవర్ కొంచెం సాగుతుంది. విరిగిన కేసును బయటికి లాగే పనిముట్టునే బ్రిటిష్ సైన్యం విడిగా తయారుచేసుకుంది.

ఎన్‌సీసీ పిల్లలకు ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ప్రతి .303 బోల్ట్ మీదా రైఫిల్ నంబరే కొట్టి ఉంటుంది. ఆ బోల్ట్‌ను ఆ రైఫిల్‌కే సందు చూసి అమర్చారు. క్లీనింగ్ రోజున పది రైఫిళ్ల బోల్ట్‌లు ఒకే గుడ్డ మీద పెట్టి తుడిచి, చేతికి అందింది తగిలిస్తే తగులుతుంది. తేడా కంటికి కనపడదు, కానీ సందు మారిపోతుంది. నంబర్లు కలిపి చూసుకోవడానికి పట్టేది అరనిమిషం.

ఉక్కు సంగతికి వస్తే, నేర్పే చరిత్ర అమెరికాది. మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగిన 1917లో, వాళ్ల సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిళ్లు కొన్ని శిక్షణలోనే ముక్కలయ్యాయి. విచారణ మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం కొలిమి దగ్గర తేలింది. ఉక్కు ఎంత కాలిందో అక్కడి అనుభవజ్ఞులు దాని రంగు చూసి చెప్పేవారు. వేడిని కొలిచే పరికరాలు పెట్టి చూస్తే, ఎండ బాగా కాసిన రోజున వాళ్ల కంటికి సరిగ్గా ఉందనిపించిన ఉక్కు, మబ్బు రోజు ఉక్కు కన్నా 300 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఎక్కువ కాలిపోయి ఉంది. వెలుతురు ఎక్కువైతే ఎర్రదనం తక్కువగా కనిపిస్తుంది కదా. అలా మాడిన ఉక్కు గట్టిగా ఉంటుంది కానీ పెళుసు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సుమారు 8,00,000 నంబరు రైఫిల్ దగ్గర, రాక్ ఐలండ్ కర్మాగారంలో 2,85,507 దగ్గర పద్ధతి మార్చారు. జూలియన్ హాచర్ అనే సైనికాధికారి ఈ ప్రమాదాలన్నీ ఏరి 1947లో పుస్తకంగా రాశారు. 1917 నుంచి 1929 వరకు పగిలిన రిసీవర్లు ఆయన లెక్కలో 68.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఒకటుంది. ఆ పెళుసు రైఫిళ్లు కూడా మంచి తూటాతో ఏళ్ల తరబడి బాగానే పనిచేశాయి. ప్రమాదాల జాబితా చూస్తే చాలా చోట్ల ముందు చెడింది కేసు. నాసిరకం ఇత్తడి, గొట్టంలో ఇరుక్కున్న అడ్డు, జర్మన్ 7.92 తూటాను అమెరికన్ రైఫిల్‌లో పెట్టి కాల్చడం, ఇవీ మొదలు. కేసు చిరిగి గ్యాస్ రిసీవర్‌ను తాకినప్పుడే పెళుసుదనం బయటపడింది. సాగే గుణమున్న ఉక్కయితే ఉబ్బేది, పగులు ఇచ్చేది. పెళుసు ఉక్కు ముక్కలై ఎగిరింది. అందుకే రైఫిల్ బలం అనగానే ఎన్ని పౌండ్లు తట్టుకుంటుందని ఒక్క ప్రశ్న అడిగితే చాలదు. కేసు చిరిగిన తర్వాత ఏమవుతుందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

ఆ రెండో ప్రశ్నను బాగా పట్టించుకున్నవాడు జర్మనీలో పాల్ మౌజర్. 1898 మోడల్‌లో బోల్ట్‌కు రెండు రంధ్రాలు పెట్టాడు. ప్రైమర్ కారితే గ్యాస్ బోల్ట్ గుండా కంటిలోకి రాకుండా పక్క గాడిలోకి మళ్లుతుంది. బోల్ట్ వెనక వెడల్పాటి అంచు పెట్టాడు, ఇంకా తప్పించుకున్న గ్యాస్‌ను అది పక్కకు తోస్తుంది. ముందున్న రెండు లగ్గులూ విఫలమైతే ఆపడానికి వెనక మూడోది పెట్టాడు. కొన్నేళ్ల తర్వాత, 1901లో, వేరే రైఫిల్ నమూనాను పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో ఆయనే ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అమెరికాలో రెమింగ్టన్ ఇంకో దారి పట్టింది. 1948లో వచ్చిన 721, దాని తర్వాత 1962లో వచ్చిన 700 మోడళ్లలో బోల్ట్ ముఖం కేసు అడుగును చుట్టూ కప్పేస్తుంది. బోల్ట్ అంచు, గొట్టం, రిసీవర్ కలిపి ఇత్తడి చుట్టూ మూడు ఉక్కు వలయాలు. ఒకరు గ్యాస్‌కు దారి చూపారు, ఇంకొకరు ఇత్తడికి ఆసరా పెంచారు. నా మనసు మౌజర్ వైపే మొగ్గుతుంది, ఎందుకంటే ఎంత ఆసరా ఇచ్చినా చివరికి చిరిగే రోజు ఒకటి రావచ్చు.

మన దేశానికి వస్తే, పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం ఏళ్ల తరబడి .303 రైఫిళ్లు తయారుచేసింది. 1962 చైనా యుద్ధం తర్వాత సైన్యం 7.62 నాటో తూటాకు మారుతున్నప్పుడు, అదే లీ-ఎన్‌ఫీల్డ్ రూపంలో మెరుగైన ఉక్కుతో 2ఏ, 2ఏ1 రైఫిళ్లు చేసింది. కొత్త తూటా ఒత్తిడి పాతదాని కన్నా ఎక్కువ కాబట్టి ఉక్కు మార్చాల్సి వచ్చింది. వీటిలో కొన్ని తర్వాత అమెరికా బజారుకు చేరాయి. అక్కడ కొన్నవాళ్లు 7.62 ఒత్తిడి 50,000 పౌండ్లని, దాన్ని పోలిన .308 వించెస్టర్‌కు 62,000 అని కాగితాల మీద చదివి, తేడా 12,000 అనుకుంటారు. ఆ రెండూ ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. పాత పద్ధతిలో రాగి బిళ్ల ఎంత నలిగిందో చూసి లెక్కగట్టేవారు, కొత్త పద్ధతిలో విద్యుత్ పరికరం నేరుగా కొలుస్తుంది. రాగి బిళ్ల అసలు శిఖరాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. అలాగని రెండు తూటాలూ ఒకటే అనుకోకూడదు. పాత రైఫిల్‌కి దేనికోసం చేశారో అదే తూటా పెట్టడం మేలు.

ఇత్తడి గురించి అసలు పాఠం నేర్పింది మాత్రం మన వానాకాలమే. బ్రిటిష్ పాలనలో వానలు మొదలవగానే సైన్యం కదలికలు తగ్గేవి, తూటాలను గుర్రపుశాలల్లో భద్రపరిచేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే, ఒక్కటీ కాల్చకుండానే కేసులు పగిలి ఉండేవి. చాలాకాలం దాని కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు గుట్టు విప్పారు. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా వస్తుంది, గాలిలో తేమ ఉంది, కేసును సాగదీసి చేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు ఉంది. ఈ మూడూ కలిస్తే లోహం రేణువుల మధ్య నుంచి పగులు పాకుతుంది. కేసును చేశాక మళ్లీ తగినంత వేడిచేసి ఆ బిగువు పోగొట్టడమే మందు అని తేలింది. ఇప్పటి కర్మాగారాలు అదే చేస్తాయి.

ఇది పాతకాలపు సంగతని వదిలేయడానికి కోనసీమవాళ్లకు వీల్లేదు. గోదావరి ఒడ్డున కోటిపల్లి రేవు దగ్గర గాలిలో తేమకు కొదవ ఉండదు. పశువుల కొట్టం ఇంటికి ఆనుకునే ఉంటుంది. యూరియా బస్తాలు, తూటాల పెట్టె ఒకే గదిలో ఉన్న ఇళ్లు ఉండవచ్చు. చెమ్మ తగిలిన యూరియా నుంచి వచ్చే ఘాటు వాసన అమ్మోనియాదే. లైసెన్సు తూటాలు ఉన్నవాళ్లు వాటిని కొట్టానికీ ఎరువులకూ దూరంగా, పొడిగా, గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. కేసు మీద సన్నని పగులు గీత, ఆకుపచ్చ చిలుము, గుంటలు కనిపిస్తే దాన్ని కాల్చకూడదు, పారేయకూడదు కూడా. లైసెన్సు ఉన్న డీలరుకో, పోలీసులకో అప్పగించాలి.

తడి ఇంకో రకంగానూ కీడు చేస్తుంది. కేసు చాంబర్ గోడను పట్టుకుంటే వెనక్కి వచ్చే తోపులో కొంత ఆ పట్టే భరిస్తుంది. వానలో తడిసిన తూటాకు, నూనె పూసిన తూటాకు ఆ పట్టు ఉండదు, జారి మొత్తం బరువూ బోల్ట్ మీద వేస్తుంది. అందుకే బ్రిటిష్‌వాళ్లు రైఫిల్‌ను పరీక్షించేటప్పుడు ఎక్కువ ఒత్తిడి తూటాను ఒకటి పొడిగా, ఇంకొకటి నూనె పూసి కాల్చేవారు. ఆ పరీక్ష నెగ్గినదానికే ముద్ర. మన ఆయుధాల చట్టం, 1959లోని ఐదో సెక్షన్ కూడా తుపాకీని తయారుచేయడంతోపాటు ఇలా పరీక్షించి ముద్ర వేయడాన్నీ లైసెన్సు కిందికే తెచ్చింది. తుపాకీ శుభ్రం చేశాక చాంబర్‌లో నూనె మిగలకుండా పొడిగుడ్డతో తుడవమని చెప్పేది ఈ కారణానికే.

అదనపు ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కువసార్లు గొట్టంలో అడ్డు నుంచి. గొట్టం శుభ్రం చేసే పుల్‌త్రూ తాడు తెగి లోపల ఉండిపోయిన చిందీ గుడ్డ, మూతిలో దూరిన బురద, మందు సరిగా అంటుకోక మధ్యలో ఆగిన గుండు. గోడకు తగిలించిన తుపాకీ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టుకుంటుంది, అది కూడా అడ్డే. ఒకసారి "టప్" అని పేలవమైన శబ్దం వచ్చి భుజానికి దెబ్బ తగలకపోతే, అక్కడితో ఆగాలి. మూతిని గురి వైపే ఉంచి కనీసం అరనిమిషం వేచి, తూటా తీసి, గొట్టంలో వెలుతురు కనపడుతోందో లేదో వెనకనుంచి చూడాలి. రెండో తూటా తొందరపడి పెట్టడమే చాలా ప్రమాదాలకు మూలం. ఎండా ఒక కారణమే. మేలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన తూటాల్లో మందు వేగంగా మండి ఒత్తిడి పెరుగుతుంది.

అమెరికాలో ఇంకో ప్రమాదం ఉంది. అక్కడ ఖాళీ కేసులు ఏరుకుని ఇంట్లోనే మందు నింపుకోవడం మామూలు అలవాటు. జాగ్రత్తగా చేసేవాళ్లు కేసు లోపల వంచిన తీగ పెట్టి, సాగిన ఉంగరం తగులుతోందా అని తడిమి చూస్తారు. అజాగ్రత్తగా చేసేవాళ్లు త్వరగా మండే పిస్తోలు మందును రైఫిల్ కేసులో పోస్తారు. రెండు డబ్బాలు పక్కపక్కన ఉంటే చాలు, పొరపాటు జరగడానికి. ఆ తూటా పేలినప్పుడు ఏ కంపెనీ రైఫిలూ కాపాడుతుందని హామీ లేదు. రేంజిలో పక్కవాడు "ఇది నేనే నింపాను, కాల్చి చూడు" అని ప్రేమగా ఇచ్చినా మనవాళ్లు తీసుకోకూడదు. ఫ్యాక్టరీ పెట్టెలో వచ్చినదే, పెట్టె మీది పేరు గొట్టం మీది పేరుతో అక్షరం అక్షరం కలిసినదే వాడాలి.

ఖోకా చదవడం ఇక్కడ పనికొస్తుంది. మామూలు ప్రైమర్‌కు అంచులు కొద్దిగా గుండ్రంగా ఉంటాయి. అది బల్లపరుపుగా నలిగి గుంట నిండా పరుచుకుందంటే ఒత్తిడి ఎక్కువైందని అనుమానించాలి. ప్రైమర్ చుట్టూ నల్లని మసి ఉంటే గ్యాస్ కారింది. అడుగు మీద బోల్ట్ ముఖంలోని గాడి అచ్చు మెరుస్తూ కనిపిస్తే ఇత్తడి లొంగడం మొదలైంది. బోల్ట్ ఎత్తడానికి అరచేత్తో కొట్టాల్సి వస్తే ఇంకా స్పష్టం. అంచుకు పైన మెరిసే ఉంగరం కేసు తెగబోతోందని చెబుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ తూటాల పెట్టె మొత్తం పక్కన పెట్టి, రైఫిల్‌ను ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌కు చూపించాలి. ఈ గుర్తులు ఒక్కోసారి రాకుండానే కేసు చిరగవచ్చు కూడా, కాబట్టి ఇవి లేవని ధీమా పడకూడదు.

తాతలనాటి డబుల్ బ్యారెల్ పన్నెండు బోర్ తుపాకీలది వేరే లెక్క. వాటి ఒత్తిడి రైఫిల్ ఒత్తిడిలో నాలుగో వంతే. కానీ కొన్ని పాత గొట్టాలు ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టి అతికించినవి, నల్ల తుపాకిమందు కాలానికి పరీక్షించినవి. అందమైన మెలికల గీతలు చూసి మురిసిపోతాం, ఆ అతుకుల లోపలికి దూరిన తుప్పు బయటికి కనపడదు. ఇప్పటి పొగలేని మందు తూటా వాటికి సరిపడదు. ఇరవై బోర్ తూటా పొరపాటున పన్నెండు బోర్‌లో వేస్తే జారి ముందుకు వెళ్లి ఇరుక్కుంటుంది, వెనకాల ఇంకో తూటా పెడితే గొట్టం చీలుతుంది. మన్యంలో కనిపించే నాటు తుపాకీలకైతే కేసూ లేదు, పరీక్షా లేదు, ముద్రా లేదు. ఒత్తిడికి హద్దు గీసే వస్తువే అందులో లేదు. తుపాకీ గుర్రం పడిన ప్రతిసారీ కాల్చేవాడి చేతివేళ్లు పందెం.

హాచర్ జాబితాలో నన్ను పట్టి నిలిపిన సంగతి కళ్లది. ఆ ప్రమాదాల్లో ప్రాణాలు పోలేదు, కళ్లు పోయాయి. కేసు చిరిగినప్పుడు వెనక్కి వచ్చే ఇత్తడి రవ్వలకు, వేడి గ్యాస్‌కు పాలీకార్బొనేట్ కళ్లద్దాలు చాలావరకు అడ్డుపడతాయి. అమెరికా రేంజుల్లో అవి లేనిదే లోపలికి రానివ్వరు. మన పిల్లలు పడుకుని రైఫిల్ బోల్ట్‌కు అరచేతి దూరంలో కన్ను పెట్టి కాలుస్తారు. మీ అబ్బాయో అమ్మాయో క్యాంపుకు వెళ్తుంటే, ఫైరింగ్ రోజున కళ్లద్దాలు, చెవులకు మూతలు ఇస్తారా అని కాలేజీ ఎన్‌సీసీ అధికారిని అడగండి. ఇవ్వరంటే కళ్లజోడు మీరే కొని పంపండి, వేసుకోనివ్వాలని ముందే మాట తీసుకోండి.